ఆరడుగులకు ఒక అంగుళం

పాఠ్యభాగ పరిచయం

బొమ్మ వేరు, ప్రతికృతి వేరు. బొమ్మకు పోలిక చాలు. ప్రతికృతికి కొలత కావాలి. ఒక వస్తువు ఎంత ఉన్నదో, ఎట్లా ఉన్నదో, ఏ వర్ణంలో ఉన్నదో తెలిసికొని, ఆ వివరాలన్నింటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి నిర్మించినదే ప్రతికృతి. ప్రస్తుత పాఠం రెండో ప్రపంచయుద్ధ కాలపు ఒక విమానానికి ప్రతికృతిని నిర్మించే విధానాన్ని వివరిస్తుంది. ఆ విమానానికీ తెలుగునేలకూ గల సంబంధాన్ని తెలుపుతుంది. చిన్న చేతిపని సైతం సత్యాన్వేషణగా పరిణమించగలదని నిరూపించడం ఈ వ్యాసానికి ప్రధానోద్దేశం.

పాఠం

గుంటూరు నుండి నంద్యాలకు సాగే రైలుమార్గంలో వినుకొండ దాటిన పిమ్మట కురిచేడు, ఆ తరువాత దొనకొండ వస్తాయి. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలతో కూడిన ఈ పడమటి ప్రకాశం సీమను తలచుకోగానే మెట్టచేలు, పలకరాతి గనులు, మండువేసవి స్ఫురిస్తాయే గాని విమానాలు స్ఫురించవు. అయినప్పటికీ దొనకొండలో రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఒక విమానాశ్రయాన్ని నిర్మించింది. యుద్ధం ముగిసింది. పాలకులు వెళ్ళిపోయారు. విమానాలు ఎగిరిపోయాయి. నేల మాత్రం మిగిలింది.

ఆనాటి పరిస్థితిని గుర్తుచేసుకుంటే ఈ మెట్టసీమలో విమానాశ్రయం వెలయడం వింతగా తోచదు. 1942 ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో రంగూను, అండమాను దీవులు జపాను వశమయ్యాయి. అంతవరకు వర్తకానికి రాజమార్గమైన బంగాళాఖాతం యుద్ధరంగంగా మారింది. 1942 ఏప్రిల్ 6వ తేదీన ర్యూజో అనే జపాను విమానవాహక నౌక నుండి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆనాడు పేలకుండా మిగిలిన ఒక బాంబును నేటికీ విశాఖపట్నంలోని విశాఖ మ్యూజియంలో చూడవచ్చు. కనుక ఆ యుద్ధం తెలుగువారికి పత్రికలలో చదివిన దూరదేశ వృత్తాంతం మాత్రమే కాదు. వారి తీరాన్ని తాకిన అనుభవం.

కురిచేడు ప్రాంతపు విద్యార్థి దొనకొండకు వెళ్ళి ఆ నేలను చూడగలడు. ఆ కాలపు విమానాన్ని చూడాలంటే ఏం చేయాలి? గ్రంథాలలో చిత్రాలను చూడటం ఒక మార్గం. స్వయంగా దాని ప్రతికృతిని నిర్మించడం మరొక మార్గం. చిత్రాన్ని చూసినవాడు రెక్క ఉన్నదని గ్రహిస్తాడు. ప్రతికృతిని నిర్మించినవాడు ఆ రెక్క ఎంత పలుచనిదో, దేహానికి ఏ కోణంలో అతుక్కున్నదో, ఆ కోణం ఎందుకు అవసరమైనదో కూడా గ్రహిస్తాడు. చేతికి తెలిసిన విషయాన్ని మనస్సు సులభంగా మరవదు.

ఎంపిక

ప్రతికృతి నిర్మాణంలో మొదటి పని కత్తి పట్టడం కాదు. ఏ విమానాన్ని నిర్మించాలో నిర్ణయించుకోవడం. తెలుగునేలతో సంబంధమున్న యుద్ధవిమానం ఏదైనా ఉన్నదా అని విచారిస్తే, చరిత్ర ఉన్నదనే సమాధానం చెబుతుంది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాదు సంస్థానాధిపతి, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వైమానిక దళానికి ఒక స్క్వాడ్రనుకు సరిపడు విమానాలను కానుకగా ఇచ్చాడు. డీహెచ్ 9ఏ అనే పేరుగల ఆ బాంబరు విమానాలతో 110వ స్క్వాడ్రను 1918లో ఫ్రాన్సుకు తరలింది. అవి నిజాం కానుక అని తెలిపే రాతలను విమానాల మీద రాయించారు. స్క్వాడ్రనుకు హైదరాబాదు అనే పేరు స్థిరపడింది. ఆ విమానాలలో ఎఫ్ 1010 సంఖ్య గలది 1918 అక్టోబరులో జర్మనుల చేజిక్కింది. అది బెర్లిన్ ప్రదర్శనశాలకు చేరి, రెండో ప్రపంచయుద్ధ కాలంలో పోలండుకు తరలి, 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానానికి మారుగా బ్రిటన్‌కు తిరిగివచ్చింది. నేడు లండనులోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది.

రెండో ప్రపంచయుద్ధంలోనూ నిజాం ఇచ్చిన విరాళాలకు గుర్తుగా మరి రెండు స్క్వాడ్రన్లకు ఆ పేరు వచ్చింది. వాటిలో 253వ స్క్వాడ్రను హరికేన్ విమానాలను, 152వ స్క్వాడ్రను స్పిట్‌ఫైర్ విమానాలను నడిపాయి. 152వ స్క్వాడ్రను చిహ్నం నిజాం ధరించే శిరోవేష్టనం. దాని ధ్యేయవాక్యానికి 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అని అర్థం. బ్రిటిష్ ప్రభుత్వం నిజాముకు ఇచ్చిన బిరుదమే అది.

ఇక్కడ ఒక విషయాన్ని నిష్పక్షపాతంగా ఆలోచించాలి. కానుక ఇచ్చినది ప్రభువు. కాని ఏ సంస్థానపు సంపదకైనా మూలం ప్రజల శ్రమయే. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ ప్రాంతాల ప్రజలను యుద్ధానికి సమ్మతమా అని అడిగినవారు లేరు. విమానం మీద పేరు హైదరాబాదుది. ఆ పేరుగల సీమలోని సామాన్యుడు ఆ విమానాన్ని చూచి ఎరుగడు. ప్రతికృతిని నిర్మించే విద్యార్థి ఈ వైరుధ్యాన్ని కూడా తెలిసికోవాలి. ఇది గర్వించడానికో, నిందించడానికో కాదు, ఉన్నదున్నట్లు గ్రహించడానికి.

152వ స్క్వాడ్రను స్పిట్‌ఫైర్ అని అన్నంతమాత్రాన ఎంపిక పూర్తికాదు. ఏనాటి స్పిట్‌ఫైర్? 1940లో ఇంగ్లండు దక్షిణ తీరాన వార్మ్‌వెల్ విమానాశ్రయం నుండి ఆ స్క్వాడ్రను నడిపినది మొదటి రకం. దానికి ముక్కున మూడు రెక్కల పంకా, ఇంజనుకు ఒక్కొక్క ప్రక్క మూడేసి పొగగొట్టాలు, రెక్కలలో ఎనిమిది మెషిన్‌గన్‌లు ఉన్నాయి. అదే స్క్వాడ్రను 1943 చివర భారతదేశానికి వచ్చి, బర్మా యుద్ధరంగంలో నడిపినది ఎనిమిదో రకం. దానికి నాలుగు రెక్కల పంకా, ప్రక్కకు ఆరేసి పొగగొట్టాలు, ఫిరంగులు, లోనికి ముడుచుకొనే తోకచక్రం ఉన్నాయి. పేరొకటే అయినా రూపం ఒకటి కాదు. తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితుడు వేర్వేరు ప్రతులలోని పాఠాలను విచక్షణ లేకుండా కలిపితే ఏ కవీ రాయని కావ్యం తయారవుతుంది. అట్లే వేర్వేరు సంవత్సరాల వివరాలను కలిపితే ఏ ఆకాశంలోనూ ఎగరని విమానం తయారవుతుంది. కనుక ఒక స్క్వాడ్రనును, ఒక రకాన్ని, ఒక కాలాన్ని నిర్ణయించుకొని, దానికే కట్టుబడాలి. ఈ పాఠంలో 1940 నాటి మొదటి రకాన్ని స్వీకరిద్దాం.

ప్రమాణం

యశోధరుడు జయమంగళ వ్యాఖ్యలో చిత్రకళకు ఆరు అంగాలను పేర్కొన్నాడు. వాటిలో ప్రమాణం, సాదృశ్యం, వర్ణికాభంగం అనేవి మూడు. ప్రమాణమంటే కొలత, సాదృశ్యమంటే పోలిక, వర్ణికాభంగమంటే వర్ణాలను ఉపయోగించే నేర్పు. చిత్రాన్ని ఉద్దేశించి చెప్పిన ఈ మూడూ ప్రతికృతి నిర్మాణానికి కూడా చక్కగా అన్వయిస్తాయి.

విమాన ప్రతికృతులకు బహుళ ప్రచారంలో ఉన్న ప్రమాణం డెబ్బై రెండింట ఒకటి. అంటే అసలు విమానంలో ఆరడుగులు ప్రతికృతిలో ఒక అంగుళం అవుతుంది. ఆరడుగులకు డెబ్బై రెండు అంగుళాలు కనుక లెక్క సుగమం. మొదటి రకం స్పిట్‌ఫైర్ రెక్కల కొన నుండి కొనకు 36 అడుగుల 10 అంగుళాలు, పొడవు 29 అడుగుల 11 అంగుళాలు. ప్రతికృతిలో ఇవి వరుసగా సుమారు 156 మిల్లీమీటర్లు, 127 మిల్లీమీటర్లు అవుతాయి. విమానం అరచేతిలో ఇముడుతుంది. అందులో కూర్చున్న ఆరడుగుల మనిషి నిలబడితే ఒక అంగుళం ఎత్తు ఉంటాడు.

ఈ ప్రమాణం వినోదానికి మాత్రమే పరిమితమైనది కాదు. 1942లో అమెరికా నౌకాదళం ఆ దేశపు పాఠశాలల విద్యార్థులను ఐదు లక్షల విమాన ప్రతికృతులు నిర్మించి ఇవ్వవలసినదిగా కోరింది. కొయ్యతో చెక్కి, నల్లరంగు వేసిన ఆ ప్రతికృతులు ఈ ప్రమాణంలోనివే. వాటి సహాయంతో సైనికులకు ఏది స్వపక్ష విమానమో, ఏది శత్రువిమానమో గుర్తించడం నేర్పారు. డెబ్బై రెండింట ఒకటి ప్రమాణంలో చేసిన ప్రతికృతిని 35 అడుగుల దూరం నుండి చూస్తే, అసలు విమానాన్ని 2,520 అడుగుల దూరం నుండి, అనగా సుమారు అరమైలు దూరం నుండి చూసినట్లుంటుంది. తరగతి గది గోడల మధ్యనే ఆకాశాన్ని అభ్యసించడానికి వీలు కలిగించిన ప్రమాణమిది.

ప్రమాణం తెలిసినవానికి చిన్న పొరపాటు విలువ కూడా తెలుస్తుంది. ప్రతికృతి మీద ఒక మిల్లీమీటరు వెడల్పుగల గాడి అసలు విమానంలో 72 మిల్లీమీటర్ల గాడితో, అంటే దాదాపు మూడంగుళాల సందుతో సమానం. అట్టి సందులున్న విమానం ఎగరడం కల్ల. రేకుల అతుకులను స్పష్టంగా చూపాలనే తాపత్రయంతో లోతైన గీతలు గీయడం ఈ కారణంచేతనే దోషం. అసలు విమానం మీద దూరం నుండి కంటికి ఆననిది ప్రతికృతి మీద కూడా ఆనకూడదు. ఏది చూపాలో తెలియడం ఎంత అవసరమో, ఏది విడువాలో తెలియడం అంత అవసరం.

సాదృశ్యం

నేడు ప్రతికృతి భాగాలు ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కొని పెట్టెలలో లభిస్తాయి. బ్రిటన్‌లో 1936లోనే ప్లాస్టిక్ నమూనాలు విపణిలోకి వచ్చాయి. 1953లో ఎయిర్‌ఫిక్స్ సంస్థ స్పిట్‌ఫైర్ నమూనాను డెబ్బై రెండింట ఒకటి ప్రమాణంలో విడుదల చేసింది. భాగాలు సిద్ధంగా లభించినంత మాత్రాన పని సిద్ధమైనట్లు కాదు. పదునైన చిన్న కత్తి, సన్నని ఆకురాయి, ఉప్పు కాగితం, శ్రావణం, కుంచెలు, జిగురు, వీటన్నిటికంటె ముఖ్యంగా ఓర్పు కావాలి.

భాగాలను చట్రం నుండి విరవరాదు, కత్తితో కోయాలి. కోసినచోట మిగిలిన మొటిమను ఆకురాయితో అరగదీయాలి. విమానదేహం రెండు అర్ధభాగాలుగా ఉంటుంది. వాటిని అతికించక ముందే వైమానికుడు కూర్చొనే గదిని పూర్తిచేయాలి. ఆసనం, నడుపుకడ్డీ, పరికరాల పలక, కూర్చొన్నవానిని బిగించే పట్టీలు అన్నీ అతిసూక్ష్మమైనవి. దేహాన్ని మూసిన తరువాత వాటిలో సగం కనిపించవు. కనిపించనివాటికి ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న సహజం. గాజుకప్పు గుండా తొంగిచూచే కంటికి లోపల శూన్యం కనిపిస్తే బయటి నైపుణ్యమంతా వ్యర్థమవుతుంది. అదీగాక, మనిషి కూర్చొని ప్రాణాలొడ్డిన చోటు అదే.

జిగురు పూయకముందే ప్రతి రెండు భాగాలనూ ఒకసారి కూర్చి చూడటం మంచి పనివాని లక్షణం. వంకర ఉంటే అప్పుడే సరిచేయవచ్చు. జిగురు ఆరిన తరువాత సరిచేయడం కష్టం. ప్లాస్టిక్‌కు వాడే జిగురు అంచులను కొద్దిగా కరిగించి ఒకదానిలో ఒకటి కలుపుతుంది. అతుకు వెంట మిగిలిన సన్నని సందును పూడ్చాలి. కొండపల్లి శిల్పులు తెల్లపొణికి కొయ్యతో చెక్కిన బొమ్మల అవయవాలను అతికేటప్పుడు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కును వాడతారు. ప్లాస్టిక్ నమూనాకు వాడే పూత వేరు కావచ్చు. పని అదే, పద్ధతి అదే. పూత ఆరిన పిమ్మట ఉప్పు కాగితంతో నునుపు చేయాలి. సమతలం కావలసినచోట మార్కాపురం రాతిపలక మీద ఉప్పు కాగితాన్ని పరచి, దాని మీద భాగాన్ని మెల్లగా రుద్దితే అంచు సరిగా వస్తుంది. అక్షరాలు దిద్దించిన పలక ఇక్కడ కూడా గురువే.

స్పిట్‌ఫైర్‌కు అందాన్నీ శక్తినీ ఇచ్చినది దాని రెక్క. ఆర్. జె. మిచెల్ నాయకత్వంలో రూపొందిన ఈ విమానం 1936 మార్చి 5న తొలిసారి ఎగిరింది. మరుసటి సంవత్సరమే మిచెల్ మరణించాడు. తాను రూపొందించిన విమానం యుద్ధంలో పోరాడటాన్ని ఆయన చూడలేదు. పలుచగా, కోడిగుడ్డు వంటి వంపుతో సాగే ఆ రెక్క సమతలంగా ఉండదు. మొదలు నుండి కొనకు పోయేకొద్దీ పైకి లేస్తూ ఆరు డిగ్రీల కోణం చేస్తుంది. ఈ కోణం విమానాన్ని ఒరిగిపోకుండా నిలుపుతుంది. ప్రతికృతిలో కోణం ఒక్క డిగ్రీ తప్పితే రెక్క కొన ఒకటిన్నర మిల్లీమీటరు మేర, అంటే అసలు విమానంలో పది సెంటీమీటర్ల మేర స్థానం తప్పుతుంది. అందుచేత దళసరి అట్టను ఆ కోణంలో కోసి, రెక్క కింద ఆనించి, జిగురు ఆరేవరకు కదలకుండా ఉంచాలి.

విమానాన్ని తలకిందులు చేసి చూస్తే మరొక విశేషం కనిపిస్తుంది. మొదటి రకం స్పిట్‌ఫైర్‌లో ఇంజనును చల్లబరచే పెద్ద పెట్టె కుడిరెక్క కింద, నూనెను చల్లబరచే చిన్న గొట్టం ఎడమరెక్క కింద ఉంటాయి. రెండూ సమానంగా ఉండవు. సౌష్ఠవానికి అలవాటుపడిన కన్ను దీన్ని పొరపాటుగా భావించవచ్చు. ఇచట నిర్మాత తన ఊహను కాక, సాక్ష్యాన్ని నమ్మాలి. అందంగా ఉండవలసిన తీరు ఒకటి. ఉన్న తీరు మరొకటి. రెండింటికీ భేదం వచ్చినప్పుడు ఉన్న తీరునే అనుసరించడం ప్రతికృతికి ధర్మం.

పోలికలోని పొరపాటు యుద్ధంలో ప్రాణాపాయమైంది. 1939 సెప్టెంబరు 6వ తేదీన, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మూడో రోజున, బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానాలు ఎదురుగా వస్తున్న తమవారి హరికేన్ విమానాలను శత్రువిమానాలని భ్రమించి రెండింటిని కూల్చాయి. ఒక యువ వైమానికుడు తనవారి చేతులలోనే మరణించాడు. రెక్క వంపును, ముక్కు పొడవును గుర్తించగలగడం పండితుల చర్చ కాదని, అది ఒకరి ఇంటికి బిడ్డ తిరిగి రావడానికి సంబంధించినదని ఈ సంఘటన నిరూపించింది. ఆ తరువాత లక్షలాదిగా కొయ్య ప్రతికృతులను చెక్కించవలసి రావడంలోని ఆంతర్యమిదే.

వర్ణికాభంగం

రంగు వేయడం ఆఖరి పని అయినా అల్పమైన పని కాదు. మొదట పలుచగా ప్రైమరు వేయాలి. అంతవరకు కనిపించని గీతలు, గుంటలు అప్పుడు బయటపడతాయి. వాటిని సరిచేసిన తరువాతనే అసలు రంగు. 1940లో ఈ విమానాల పైభాగాన మట్టిరంగు, ముదురాకుపచ్చ పట్టెలుగా ఉండేవి. పైనుండి చూచే శత్రువుకు విమానం పొలాలలో కలిసిపోవాలన్నది ఉద్దేశం. అడుగుభాగపు రంగుకు ఆకాశవర్ణమని పేరు. పేరును బట్టి నీలిరంగు పూస్తే తప్పుతుంది. అది బాతుగుడ్డు పెంకును తలపించే లేత ఆకుపచ్చ. పదాన్ని మాత్రమే నమ్మి పదార్థాన్ని పరిశీలించనివారు చేసే పొరపాటు ఇది.

రంగును ఒకేసారి దట్టంగా వేయరాదు. పూత పదింట ఒక మిల్లీమీటరు మందం ఉంటే అసలు విమానం మీద ఏడు మిల్లీమీటర్ల రంగు పూసినట్లవుతుంది. పలుచని పూతలు ఒకటి ఆరిన తరువాత ఒకటి వేయాలి. గాజుకప్పుకు గల సన్నని చట్రాలకు రంగు వేసేటప్పుడు మిగిలిన భాగాన్ని అంటుపట్టీతో కప్పాలి. తరువాత చిహ్నాలను నీటిలో నానవేసి, కాగితం నుండి జార్చి, శ్రావణంతో సరైన చోట నిలపాలి. 152వ స్క్వాడ్రను విమానాల మీద యు, ఎం అనే అక్షరాలుండేవి. దేహం మీద పసుపు, నీలం, తెలుపు, ఎరుపు వలయాలతో కూడిన బ్రిటిష్ వైమానిక దళ చిహ్నం ఉండేది.

ఈ వలయాల కథ గమనార్హం. ఇదే స్క్వాడ్రను బర్మా రంగానికి వచ్చేనాటికి ఆ చిహ్నంలో ఎరుపు లేదు. జపాను విమానాల గుర్తు ఎర్రని సూర్యబింబం. ఆకాశంలో అతివేగంగా దూసుకుపోయే విమానం మీద ఎరుపు కనిపించగానే తుపాకి పేల్చే ప్రమాదమున్నది. అందువల్ల ఆసియా రంగంలోని బ్రిటిష్ విమానాల చిహ్నం నుండి ఎర్రరంగును తొలగించి ముదురునీలం, లేతనీలం మాత్రమే ఉంచారు. 152వ స్క్వాడ్రను వారు ఆ చిహ్నం మీదుగా దూకుతున్న నల్లచిరుత బొమ్మను కూడా చిత్రించుకొన్నారు. 1940 నాటి విమానం మీద ఆ చిరుతను అంటించినవాడు, బర్మా నాటి విమానం మీద ఎర్రచుక్క పెట్టినవాడు కాలాన్ని తారుమారు చేసినవారవుతారు. ఒక చిన్న రంగుచుక్క కూడా చరిత్రకు సాక్ష్యమే.

చివరగా వాడకపు జాడలను చూపడం ఒకటున్నది. పొగగొట్టాల వెనుక మసి, రెక్క మొదట వైమానికుడు కాలు మోపినచోట చెదిరిన రంగు, చక్రాలకు అంటిన మట్టి, ఇవి మితంగా ఉంటే ప్రతికృతికి జీవకళ వస్తుంది. మితిమీరితే నాటకంలో వేషం కట్టినట్లుంటుంది. అలంకారం ఎక్కడ ఆపాలో తెలిసిన కవి వలె, మసి ఎక్కడ ఆపాలో నిర్మాతకు తెలియాలి.

అంగుళం మనిషి

ప్రతికృతి పూర్తయింది. బల్ల మీద నిలిచిన ఆ చిన్న విమానాన్ని చూచి ఎవరికైనా ముచ్చట కలుగుతుంది. ఈ ముచ్చటలోనే ఒక ప్రమాదం కూడా ఉన్నది. అసలు విమానం ముచ్చట కోసం పుట్టలేదు. దాని ఎనిమిది తుపాకులు మనుషులను చంపడానికి పుట్టాయి. 1940 జూలై 10 నుండి అక్టోబరు 31 వరకు జరిగిన బ్రిటన్ వైమానిక సంగ్రామంలో బ్రిటన్ పక్షాన సుమారు మూడువేల మంది వైమానికులు పోరాడితే, వారిలో 544 మంది ఆ నాలుగు నెలలలోనే మరణించారు. ఎదుటిపక్షంలోనూ ఎందరో తల్లులు బిడ్డలను పోగొట్టుకొన్నారు. అవే దినాలలో బాంబుల కింద నలిగిన పౌరులకు ఏ చిహ్నమూ లేదు, ఏ స్క్వాడ్రనూ లేదు. రెండేళ్ళ తరువాత విశాఖపట్నంలో, కాకినాడలో తలెత్తి ఆకాశాన్ని చూచినవారూ అట్టివారే.

కాబట్టి ఒక్క విషయాన్ని విద్యార్థి మనసులో నిలుపుకోవాలి. కొలత విమానాన్ని తగ్గిస్తుంది, యుద్ధాన్ని తగ్గించరాదు. ఆరడుగుల మనిషి ప్రతికృతిలో అంగుళమవుతాడు. ఆయన ప్రాణానికి, ఆయన ఇంటివారి దుఃఖానికి మాత్రం ఏ నిష్పత్తీ లేదు. పట్టీలను, పొగగొట్టాలను, వలయంలోని రంగును తప్పు లేకుండా నిర్మించడం కేవలం నైపుణ్య ప్రదర్శన కాదు. జరిగినదాన్ని జరిగినట్లు జ్ఞాపకముంచుకోవడం. వీరగాథలకు అనువుగానో, మన అభిమానానికి అనువుగానో వివరాలను మార్చుకొనే అలవాటు ముందు చిన్న విషయాలలో మొదలై, తరువాత పెద్ద విషయాలకు పాకుతుంది. ఆ అలవాటును మొదటనే నిరోధించే విద్య ప్రతికృతి నిర్మాణం.

ఇందుకు ఖరీదైన సామగ్రి లేనివారు నిరుత్సాహపడనక్కరలేదు. అమెరికా పాఠశాలల పిల్లలు 1942లో చేసినది కొయ్యతోనే. ప్రామాణికమైన రేఖాచిత్రం, తేలికైన కొయ్య ముక్క, అట్టతో కోసిన మాదిరులు, ఒక ఉలి, ఉప్పు కాగితం ఉంటే కురిచేడులోనైనా, గిద్దలూరులోనైనా ఈ పనిని ప్రారంభించవచ్చు. దొనకొండ నేల దగ్గరలోనే ఉన్నది. అక్కడికి వెళ్ళే విద్యార్థి తన చేతిలోని అంగుళపు కొలతను ఆరడుగులుగా పెంచి చూచుకొంటే, ఆ ఖాళీ నేల మీద ఒక కాలం యావత్తూ సాక్షాత్కరిస్తుంది.

అభ్యాసం

I. సమగ్ర సమాధానాలు రాయండి.
1. ప్రతికృతి నిర్మాణానికి ప్రమాణం, సాదృశ్యం, వర్ణికాభంగం ఎట్లా అన్వయిస్తాయో పాఠం ఆధారంగా వివరించండి.
2. 'హైదరాబాదు' పేరుగల స్క్వాడ్రన్ల చరిత్రను తెలిపి, అందులోని వైరుధ్యాన్ని చర్చించండి.

II. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. బొమ్మకు, ప్రతికృతికి గల భేదమేమి?
2. 1942లో పాఠశాలల విద్యార్థులు విమాన ప్రతికృతులను ఎందుకు నిర్మించారు?
3. బర్మా రంగంలోని బ్రిటిష్ విమానాల చిహ్నం నుండి ఎర్రరంగును ఎందుకు తొలగించారు?
4. కొండపల్లి శిల్పుల పనికీ ప్రతికృతి నిర్మాణానికీ గల పోలికను తెలపండి.

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 1942 ఏప్రిల్ 6న బాంబుదాడికి గురైన తెలుగు పట్టణాలేవి?
2. స్పిట్‌ఫైర్ విమానం తొలిసారి ఎప్పుడు ఎగిరింది?
3. ఎఫ్ 1010 సంఖ్యగల విమానం నేడు ఎక్కడ ఉన్నది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "ఏ ఆకాశంలోనూ ఎగరని విమానం తయారవుతుంది."
2. "అక్షరాలు దిద్దించిన పలక ఇక్కడ కూడా గురువే."
3. "కొలత విమానాన్ని తగ్గిస్తుంది; యుద్ధాన్ని తగ్గించరాదు."

V. పదాలను విడదీసి సంధుల పేర్లు రాయండి.
సత్యాన్వేషణ, ప్రధానోద్దేశం, ఆరడుగులు, గమనార్హం, పేరొకటే

VI. విగ్రహవాక్యాలు రాసి సమాసాల పేర్లు తెలపండి.
శత్రువిమానాలు, ప్రాణాపాయం, నల్లచిరుత, ఎనిమిది తుపాకులు

VII. చేసి చూడండి.
మీ ఇంటిలోని ఏదైనా ఒక పనిముట్టును కొలిచి, ఆరింట ఒకటి ప్రమాణంలో దాని రేఖాచిత్రాన్ని గీయండి. కొలిచేటప్పుడు మాత్రమే మీ దృష్టికి వచ్చిన మూడు విషయాలను రాయండి.